వెన్ను వంకర మీద పనిచేయబోతున్న బిడ్డకు

చిరంజీవి శ్రావణికి,

జీబ్రాఫిష్ అనే చిన్న చారల చేపలను పెంచే ల్యాబులో స్కోలియోసిస్ మీద, అంటే వెన్ను పక్కకు వంగే జబ్బు మీద, పని మొదలుపెడుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం బిడ్డా. జంతువుల ల్యాబులోనే రిటైరైనవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా.

మన మర్రిగూడ వైపు నడుము వంగిన మనిషి కనబడితే అందరి నోటా ఫ్లోరైడ్ మాటే. ఫ్లోరోసిస్ ముదిరితే వెన్ను బిగుసుకుపోయి మనిషి ముందుకు వంగిపోతాడు. నువ్వు చూడబోయేది వేరు. ఎదిగే పిల్లల్లో, ఎక్కువగా ఆడపిల్లల్లో, వెన్ను పక్కకు వంగుతూ మెలి తిరుగుతుంది. ఊళ్లో ఎవరైనా అడిగితే ఈ తేడా ఓపిగ్గా చెప్పు.

చేప వంకరగా కనబడగానే దానికి కారణమైన జన్యువు దొరికిందని మాత్రం అనుకోకు. మేతలో విటమిన్ సి చాలకపోయినా చేప వెన్ను వంగుతుంది, చేపలకొచ్చే టీబీలాంటి జబ్బుతోనూ వంగుతుంది. అందుకే జన్యుమార్పు ఉన్నవాటినీ, లేని తోబుట్టువులనూ ఒకే తొట్టిలో కలిపి పెంచు. ఏది ఏదో తర్వాత తోక రెక్క చివర చిన్న ముక్క తీసి తేల్చుకోవచ్చు. మేత డబ్బా మీద తేదీ చూడు. ఎక్స్‌రేలో వంపు కొలిచేటప్పుడు అది ఏ రకం చేపో నీకు తెలియకూడదు, నంబర్లు ఇంకొకరి చేత వేయించు. మత్తిచ్చిన చేపను పడుకోబెట్టేటప్పుడు తోక కాస్త పక్కకు జరిగినా లేని వంపు కనబడుతుంది. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీయి.

పాత పరిశోధనలూ చదువు. కోడిపిల్లల్లో మెదడులో ఉండే పీనియల్ గ్రంథి తీసేస్తే వెన్ను వంగిందని 1959లోనే రాశారు. ఆ గ్రంథి తయారుచేసే మెలటోనిన్ అనే హార్మోన్ లోపమే కారణమని చాలామంది ఆశపడ్డారు. తీరా ఎలుకల్లో ఆ గ్రంథి తీసేస్తే, రెండు కాళ్ల మీద నడిచేలా చేసినవాటికే వంకర వచ్చింది. అందుకోసం వాటి ముందుకాళ్లు, తోక కోసేసేవారు. అది చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. పిల్లల్లో మెలటోనిన్ కొలిస్తే ఫలితాలు ఒకదానితో ఒకటి కుదరలేదు.

ఎదిగే వారాల్లో వారం వారం ఫొటో తీయడం మానకు. మెదడు గదుల్లోని ద్రవాన్ని కదిలించే శైలికలు (కణాల మీది సన్నని వెంట్రుకల్లాంటివి) పనిచేయకపోతే జీబ్రాఫిష్ వెన్ను వంగుతుందని 2016లో చూపించారు. వంకర మొదలయ్యాక కూడా వాటి కదలికను తిరిగి తెప్పిస్తే వంపు ముదరలేదు. వంకర ఏ వారంలో మొదలైందో నీ దగ్గర రాసి ఉంటేనే అలాంటి ప్రయోగం చేయగలవు.

దసరాకు వచ్చేటప్పుడు ల్యాబ్ నోట్‌బుక్ జిరాక్స్ తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ పెద్దనాన్న,
నల్లగొండ