బాస్‌వుడ్ గిటార్‌కి ఏ పికప్ వేయించాలి?

ప్రశ్న: అన్నా, మాది విజయనగరం కంటోన్మెంట్. నా గిటార్ బాడీ బాస్‌వుడ్ చెక్క, గెయిన్ (యాంప్‌లో శబ్దాన్ని గరగరలాడించే నాబ్) పెంచి పామ్ మ్యూట్ (అరచేతి అంచు తీగల మీద ఆనించి వాయించడం) కొడితే లావు తీగలు ముద్దముద్దగా వినిపిస్తున్నాయి, మహోగనీ గిటార్ కొనేయాలా?

జవాబు: అక్కర్లేదు తమ్ముడూ! అంత గెయిన్‌లో చెక్క కంటే పికప్‌దే (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు భాగం) పెత్తనం. ముందు స్క్రూడ్రైవర్ పట్టుకుని బ్రిడ్జ్ పికప్‌ని (తీగలు ఆనే బ్రిడ్జ్ పక్కనున్నది) లావు తీగల వైపు కాస్త కిందికి దింపు, గెయిన్ కూడా కొంచెం తగ్గించు, చాలావరకు అక్కడే సర్దుకుంటాది. అప్పటికీ తేలకపోతే సిరామిక్ మాగ్నెట్ హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే పికప్) వేయించు, మామూలుగా అల్నికో మాగ్నెట్ ఉన్నదాని కంటే బిగువుగా పలుకుతాది, 1972లో వచ్చిన డిమార్జియో సూపర్ డిస్టార్షన్ ఆ రకమే. ఈఎంజీ 81 పికప్ నాకు చాలా ఇష్టం గానీ దానికి 9 వోల్టుల బ్యాటరీ కావాలి, గిటార్ లోపల చోటుందో లేదో చూసుకున్నాకే డబ్బులు కట్టు.