డొమైన్లు మార్చే ముందు ఒక మాట

సత్యనారాయణపురం,
విజయవాడ.

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నీ కోపమే వినపడింది, రెండోసారికి గానీ విషయం అర్థం కాలేదు. ఆన్‌లైన్ వ్యాపారాల మీద కేంద్రం తెస్తున్న బిల్లు ముసాయిదాకు వత్తాసు పలికినందుకు, మీ సైట్లు పెట్టుకున్న హోస్టింగ్ కంపెనీని మీ గుంటూరు ఆన్‌లైన్ వ్యాపారులంతా కలిసి వదిలేస్తున్నారు. రేపే పోస్టు పెట్టేస్తామన్నావు. రేపు వద్దు. ఒక్క పది రోజులు ఆగు.

2011 డిసెంబరులో నువ్వింకా స్కూల్లో ఉన్నావు. నేను బీసెంట్ రోడ్డు పక్క సందులో, మేడ మీది గదిలో వెబ్‌సైట్లు చేసిపెట్టేవాణ్ణి. అప్పుడు అమెరికాలో సోపా అని ఒక బిల్లు వచ్చింది. పైరసీ చేసే విదేశీ సైట్లను కోర్టు ఉత్తర్వుతో నెట్‌లో దొరక్కుండా చేయొచ్చన్నారు. రేపు ఎవడి సైటు మీదైనా అదే కత్తి పెడతారని జనం భయం. ఆ బిల్లును సమర్థించినవాళ్ల జాబితాలో గోడాడీ పేరు కనపడింది. డొమైన్లు, అంటే సైట్ల పేర్లు, అమ్ముకుని బతికే కంపెనీ, దాని కస్టమర్లేమో సైట్లు నడిపేవాళ్లు. మండదా మరి? డిసెంబరు 22న రెడిట్ అనే చర్చల సైటులో ఒకతను తన వ్యాపారం తాలూకు 51 డొమైన్లు తీసేస్తున్నానని రాసి, 29న అందరం ఒకేసారి మారదామన్నాడు. మర్నాడే, అంటే 23న, కంపెనీ మద్దతు వెనక్కి తీసుకుంది. అదే రోజు వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ కూడా తమ డొమైన్లు అక్కణ్ణుంచి తీసేస్తామన్నాడు. మద్దతు తీసేశామంటే చాలదు, వ్యతిరేకమని చెప్పమన్నారు జనం. 29కల్లా ఆ మాటా చెప్పించారు.

ఇందులో నాకు నచ్చే తమాషా ఒకటుంది. ఆ 29న గోడాడీ నుంచి పోయినవాటికంటే వచ్చిన డొమైన్లే ఎక్కువని తర్వాత లెక్కలు వచ్చాయి. అంటే వాళ్లను వంచింది పోయిన డబ్బు కాదు, పోయిన పరువు. వేలమంది పోవాలి అని నువ్వు టెన్షన్ పడక్కర్లేదు. డబ్బు కట్టే కస్టమర్లు ముప్ఫైమంది, తమ దుకాణం పేరుతో, ఫలానా తారీకున వెళ్తున్నామని రాస్తే, ముఖం కనపడని మూడువేల తిట్ల కంటే బరువుంటుంది. తారీకు మటుకు ఉండాలి. తారీకు లేనిది ఆరంభశూరత్వమే.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, నవ్వకు. నేనూ ఆవేశపడ్డాను. మీ మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి ఒకాయన డొమైన్ నా చేతిలో ఉండేది. ఆయన్ను అడగనైనా అడగకుండా ఆ రాత్రే బదిలీకి పెట్టేశాను. ఐదారు రోజులకు పని పూర్తయింది, ఆ పొద్దుటి నుంచీ ఆయనకు మెయిల్ ఆగిపోయింది. మెయిల్ ఎటు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు పాత చోట ఉంటే, అవి రాసుకోకుండా మార్చేశానన్నమాట. రెండు రోజులు కొలంబో పార్టీ పంపిన మెయిళ్లు గాల్లో కలిసిపోయాయి. ఆయన గుడ్డ సంచి చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు, చొక్కా నిండా మిరప ఘాటు, నాకు తుమ్ములు. మొత్తం కథ చెప్పాను. అంతా విని, "సోఫా మీద గొడవైతే నా మెయిలెందుకు ఆగింది బాబూ, మా ఇంట్లో సోఫానే లేదే" అన్నాడు. ఏం సమాధానం చెప్పను?

అందుకే పది రోజులు ఆగమంటున్నాను. ముందు డీఎన్ఎస్ పేజీ, అంటే సైటూ మెయిలూ ఎక్కడికి వెళ్లాలో రాసి ఉండే పేజీ, మొత్తం ఫోటో తీసి పెట్టుకోండి, మెయిల్ రికార్డులతో సహా. కొత్త చోట అవన్నీ ముందే ఎక్కించి ఉంచాలి. తర్వాత డొమైన్ లాక్ తీసి, బదిలీ కోడ్ అడిగి తీసుకోవాలి. కొని 60 రోజులు కాని డాట్ కామ్‌లు కదలవు, అలాంటివాళ్లు మీలో ఎవరున్నారో ఇప్పుడే చూడు, తారీకునాడు వాళ్ల మొహాలు చిన్నబోకుండా. పాత చోట కట్టిన డబ్బు పోతుందని మీవాళ్లు గొణుగుతారు. డాట్ కామ్‌లకు మిగిలిన గడువు అలాగే ఉండి, బదిలీకి కట్టే డబ్బుతో ఇంకో ఏడాది కలుస్తుంది. పండగ సేల్ వారంలో మాత్రం చెయ్యి పెట్టొద్దు.

ఇంకో సంగతి, గురి చూసి కొట్టండి. 2017లో స్నాప్‌చాట్ మీద కోపం వచ్చి మనవాళ్లు కొందరు దానితో సంబంధమే లేని స్నాప్‌డీల్ యాప్‌కు ఒక్క స్టార్ ఇచ్చి పారేశారు. అత్త మీద కోపం దుత్త మీద! ఆ కంపెనీ ఏమన్నదో వాళ్ల ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి, ఆ మాటలే పెట్టండి. మీరు ఊహించింది కలపొద్దు, పరువు నష్టం నోటీసు వస్తే పరుగులు పెట్టాల్సింది నువ్వే. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి తిట్టడం అసలే వద్దు. అవతల ఫోనెత్తేది ఈ వీధిలోంచే నైట్ షిఫ్టుకు వెళ్లే పిల్లాడు కావచ్చు. బిల్లు సంగతి వాడికేం తెలుసు?

ఏం చేస్తే మీరు తిరిగొస్తారో కూడా మొదటిరోజే రాయండి. దిగిరావడానికి మెట్టు లేకపోతే ఎవడూ దిగడు.

అసలు మాట మర్చిపోతున్నాను. కంపెనీ మారినంత మాత్రాన బిల్లు ఆగదు. 2015 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో అని, డబ్బు కట్టిన కంపెనీల యాప్‌లకే డేటా ఉచితమనే పథకం మీద గొడవ అయింది. అందులో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్ యాప్ రేటింగ్‌ను జనం పడగొడితే, 14న ఆ కంపెనీ తప్పుకుంది. అక్కడితో సంబరపడి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి, సైటును బట్టి డేటాకు వేర్వేరు రేట్లు కుదరవని 2016 ఫిబ్రవరి 8న నిబంధన వచ్చింది. రేటింగ్ పని మూడు నాలుగు రోజులది, మెయిళ్ల పని పది నెలలది. సోపా కూడా గోడాడీ దిగివస్తే ఆగలేదు. 2012 జనవరి 18న ఇంగ్లీషు వికీపీడియా ఒక రోజంతా మూతపడి, జనం తమ ప్రతినిధులకు ఫోన్లు చేశాకే, 20న పక్కన పెట్టారు.

కాబట్టి ముసాయిదా మీద అభిప్రాయాలకు గడువెప్పుడో చూడు. కేంద్రం చట్టాల ముసాయిదాలకు కనీసం 30 రోజులివ్వాలని 2014లో ఒక విధానం పెట్టుకుంది. వదిలేసే పోస్టు కిందే ఆ మెయిల్ అడ్రసూ పెట్టు. నీ చీరల వ్యాపారానికి ఏ క్లాజు ఎలా తగులుతుందో నీ మాటల్లో రాయి. ఒకే ఉత్తరాన్ని అందరూ కాపీ కొడితే చదివేవాడు మొదటిదాంతో ఆపేస్తాడు.

ఆదివారం ప్యాసింజర్‌కు రా. డొమైన్ల జాబితా, ఎవరెప్పుడు కొన్నారో తారీకులతో కాగితం మీద రాసి పట్రా, నాకు ఫోన్‌లో అక్షరాలు కనపడటం లేదు. ముందు నీ ఒక్కదాన్ని మార్చి, మెయిల్ వస్తోందో లేదో చూశాకే మిగతావి. పోయినసారి తీసుకెళ్లిన నా లాప్‌టాప్ చార్జర్ కూడా మర్చిపోకు.

మీ పెదనాన్న