మీ తాతగారి ఫోటో, 7వ స్క్వాడ్రన్: రెండూ నిజమే

నమస్కారమండి. 7వ స్క్వాడ్రన్‌లో పనిచేసిన తాతగారు డైవ్ బాంబర్‌లో (నిలువుగా దూకి బాంబులేసే విమానంలో) గన్నర్, అంటే తుపాకీ పేల్చే మనిషి, అని ఇంట్లో చెబుతారు, 1945 నాటి ఫోటోలో మాత్రం ఆయన పక్కన ఒక్క సీటున్న హరికేన్ యుద్ధ విమానం ఉంది, ఏది నమ్మాలి అని అడిగారు. ఇంట్లోవాళ్ల మాటను కొట్టిపారేయకండి.

ఇండియన్ ఎయిర్ ఫోర్స్ 7వ స్క్వాడ్రన్ 1942 డిసెంబర్‌లో మన విశాఖపట్నంలోనే మొదలైంది. మొదటి విమానం అమెరికాలో తయారైన వల్టీ వెంజెన్స్. ముందు పైలట్, వెనుక గన్నర్‌గా కూడా పనిచేసే రెండో మనిషి ఉండేవారు. రెక్కల అమరిక వల్ల అది దాదాపు నిలువుగా కిందికి దూకగలిగేది, రెక్కల మీది బ్రేకులు వేగాన్ని అదుపులో ఉంచేవి. అందుకే అడవిలో దాగిన వంతెనలు, బంకర్ల మీద బాంబులు గురిగా పడేవి. 1944లో ఇంఫాల్, కోహిమా పోరాటాల్లో జపాన్ సేనల మీద ఈ స్క్వాడ్రన్ చేసిన దాడులకు రావాల్సినంత గుర్తింపు రాలేదన్నది నా బాధ.

ఆ తర్వాత వెంజెన్స్ స్థానంలో హరికేన్లు వచ్చాయి. 1945లో వాటితోనే బర్మాలో యుద్ధం చేశారు. అప్పటి కమాండర్ పి.సి. లాల్, తర్వాత 1971 యుద్ధంలో మన వైమానిక దళాధిపతి. హరికేన్‌లో గన్నర్‌కు చోటే లేదు కాబట్టి, ఫోటో నాటికి తాతగారి డ్యూటీ మారి ఉండాలి.

పాత ఆల్బమ్ ఉంటే ఇంకోసారి వెతకండి. ముక్కు గుండ్రంగా, లావుగా, పైన పొడవాటి అద్దాల కప్పు ఉన్న విమానం కనిపిస్తే అది వెంజెన్సే. ఆయన సర్వీస్ బుక్ దొరికితే తేదీలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.