వెనకబడ్డవాళ్లందరికీ ఒకే క్లాసా?

ప్రశ్న: నాలుగో తరగతిలో కొందరు సరిగా చదవలేకపోతున్నారు. అందరికీ కలిపి సాయంత్రం అదనపు క్లాసు పెట్టినా ఫలితం లేదు. ఎందుకని?

జవాబు: 'కలిపి' పెట్టడం వల్లే. ఒత్తుల దగ్గర ఆగిపోయేవాడికీ, గడగడా చదివి అర్థం చెప్పలేనివాడికీ ఒకే పాఠం పనికిరాదు. ముందు ఒక్కొక్కరి చేత కొత్త పేరా ఒక నిమిషం చదివించి, సరిగా పలికిన మాటలు లెక్కపెట్టండి; అర్థం అడగండి. ఇక సాయాన్ని మూడు అంచెలుగా అనుకోండి. సగం క్లాసు తడబడితే లోపం మొదటి అంచెలో, అంటే అందరికీ చెప్పే మామూలు పాఠంలోనే ఉంది. కొందరే అయితే రెండో అంచె: ఒకే ఇబ్బంది ఉన్న 3-5 మంది, వారానికి 3-4 సార్లు, 20-30 నిమిషాలు. మామూలు పాఠం మాన్పించి మాత్రం కాదు సుమా! రెండు వారాలకోసారి మళ్లీ నిమిషం చదివించండి. 8 వారాలైనా కదలిక లేకపోతే మూడో అంచె: ఒకరిద్దరితో రోజూ. ఈలోగా చూపు, వినికిడి పరీక్ష చేయించండి.