పాఠకుల ప్రశ్నలు: అటక మీద ఎలుకలు, పెరట్లో పందికొక్కులు

ప్రశ్న: మాది గోపాలపట్నంలో పాత పెంకుటిల్లు. వెనక పెరట్లో రెండు కొబ్బరి చెట్లు, కోళ్ల గూడు ఉన్నాయి. కొంతకాలంగా రాత్రిళ్లు అటక మీద పరుగులు వినిపిస్తున్నాయి. ప్రహరీ పునాది పక్కన చేయి పట్టేంత బొరియలు పడి, వాటి ముందు మట్టి కుప్పలు పేరుకుంటున్నాయి. మా వారు ఎలుకల మందు తెచ్చారు గాని, రెండేళ్ల మనవడు, కుక్క తిరిగే ఇంట్లో దాన్ని పెట్టడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ పొట్లాన్ని తెరవకండమ్మా, మీ సందేహం న్యాయమైనదే. మీరు చెప్పిన గుర్తులను బట్టి మీ ఇంటిని పట్టుకున్నవి రెండు వేర్వేరు జంతువులు. అటక మీద పరుగెత్తేది చెట్లు, గోడలు, తీగలు సునాయాసంగా ఎక్కే ఇంటి ఎలుక. పునాది తవ్వుతున్నది పందికొక్కు. పెద్ద పందికొక్కు అరకిలో దాటి పెరుగుతుంది, నేలను తవ్వడంలో దాన్ని మించినది లేదు గాని ఎలుకలాగా చెట్లెక్కదు. అందువల్ల ఒకదానికి పైదారి, మరొకదానికి కిందిదారి మూయాలి.

ముందుగా తిండి సంగతి చూడండి. కోళ్లకు వేసిన నూకలు, తవుడు రాత్రికి గూట్లో మిగలకూడదు. బియ్యం, పప్పులు మూత గట్టిగా పడే రేకు డబ్బాల్లోకి మారాలి. రాలిన కొబ్బరి పిందెలను, వంటింటి చెత్తను సాయంత్రానికే తీసివేయండి. ఆడ ఎలుక సుమారు మూడు వారాలకే ఈనుతుంది కాబట్టి, తిండి దొరుకుతున్నంత కాలం ఎన్నింటిని పట్టినా ఖాళీ చోటు మళ్లీ నిండుతుంది.

తరువాత పైదారి. ఎలుక అరంగుళం సందులోంచి, చిట్టెలుక పావు అంగుళం సందులోంచి దూరగలవు. చూరు కింద, పెంకుల అంచుల్లో, గొట్టాలు గోడలోకి వెళ్లే చోట్ల ఇనుప జాలీ పెట్టి సిమెంటు పూయండి. గుడ్డలు, థర్మోకోల్ కుక్కితే ఒక్క రాత్రిలో కొరికేస్తాయి, ఎందుకంటే వాటి ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఇంటి కప్పుకు ఆనుకున్న కొమ్మలను, మట్టలను కొట్టించండి. కొబ్బరి మానుకు మనిషి ఎత్తున మూరెడు వెడల్పు నున్నని రేకు చుట్టిస్తే ఎలుక దాని మీద పట్టు దొరకక జారిపోతుంది. విశాఖ హార్బరులో ఓడల మోకులకు గుండ్రని రేకులు తగిలించేదీ ఇందుకే. అయితే పక్క చెట్టు మట్టలు తగులుతూ ఉంటే ఈ రేకు వృథా.

పందికొక్కుల విషయంలో ఏ బొరియ వాడుకలో ఉందో ముందు తేల్చుకోవాలి. సాయంత్రం అన్ని బొరియలనూ మట్టితో మూసి, తెల్లవారి ఏవి మళ్లీ తెరుచుకున్నాయో చూడండి. పొలాల్లో రైతులు చేసే పరీక్ష ఇదే. పాడుపడిన వాటిని రాళ్లు, గాజుపెంకులు కలిపిన సిమెంటుతో పూడ్చేయండి. వాడుకలో ఉన్న వాటి ముందు బోను పెట్టి, జంతువు పట్టుబడి రాకపోకలు ఆగాకనే పూడ్చండి. ప్రహరీ వెంట ఒకటిన్నర అడుగుల లోతున జాలీ పాతి, దాని కింది అంచును బయటి వైపు వంచితే మళ్లీ తవ్వలేవు. ఈ పని అక్టోబరు వానలకు ముందే ముగించండి, బొరియల్లో నీరు చేరితే అవి గట్టు వెతుక్కుంటూ ఇంటివైపు వస్తాయి.

బోనులో కాల్చిన కొబ్బరి ముక్క గాని, ఎండు నెత్తళ్లు గాని కట్టండి. ఎలుక కొత్త వస్తువును నమ్మదు. కొన్ని రాత్రులు బోనును గోడ వారగా తెరిచి ఉంచి, తినడం అలవాటయ్యాకనే బిగించండి. బోనులో పడినదాన్ని నీళ్లలో ముంచి చంపడం మహా హింస. చంపక తప్పదనుకుంటే స్ప్రింగు పడి క్షణంలో ప్రాణం తీసే రకమే మేలు. దాన్ని మాత్రం పిల్లవాడికి, కుక్కకు అందని చోట ఉంచండి.

ఇక మందు. బజారులో దొరికే ఎలుకల మందుల్లో రకాలున్నాయి. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది, దానికి విరుగుడు లేదు. పసుపు భాస్వరం పేస్టు మరీ మోసకారి: తిన్న పిల్లవాడు ఒకటి రెండు రోజులు బాగానే కనిపించి, ఆ తరువాత కాలేయం దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. బ్రోమడియోలోన్ బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజుల్లో చంపుతాయి; దానికి విటమిన్ కె విరుగుడుగా ఉన్నా, చచ్చిన ఎలుకను తిన్న కుక్కకు, గుడ్లగూబకు కూడా ఆ విషం అంటుకుంటుంది. పైగా మందు తిన్న ఎలుక అటక సందులో చస్తే ఆ కంపు ఎన్నో రోజులు వదలదు. ఎవరైనా పొరపాటున మింగారని అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, పాలు గాని నూనె గాని పట్టకుండా, పొట్లంతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

పెరట్లో జెర్రిపోతు కనిపిస్తే చంపవద్దని కూడా మనవి. దానికి విషం లేదు, దాని ఆహారమే ఎలుకలు.

ప్రశ్న: మధురవాడలోని మా అపార్ట్‌మెంటు పార్కింగులో ఎలుకలు స్కూటరు వైర్లు కొరుకుతున్నాయి. మనకు వినపడని శబ్దం చేసే యంత్రం గాని, జిగురు అట్టలు గాని కొనవచ్చా?

జవాబు: రెండూ వద్దు. ఆ శబ్దానికి ఎలుకలు త్వరలోనే అలవాటుపడతాయి. జిగురు అట్ట మీద ఎలుక గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. పిచ్చుకలు, తొండలు కూడా దానికే అంటుకుంటాయి. చెత్త గదికి కింద సందు లేని తలుపు, కాలువ తూములకు ఇనుప జాలీ కావాలని అసోసియేషను సమావేశంలో గట్టిగా అడగండి. ఒక్క ఫ్లాటు వారు మాత్రమే చేస్తే తీరే బాధ కాదిది.

ప్రశ్న: స్టోరు గది నిండా ఎలుకల పెంటికలే. చీపురుతో ఊడ్చి పారేస్తే సరిపోతుందా?

జవాబు: పొడిగా ఊడ్చవద్దు, ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు వేసుకుని, బ్లీచింగు నీళ్లు చల్లి కొన్ని నిమిషాలు నానాక తడిగుడ్డతో తీయండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ అనే సూక్ష్మక్రిముల జబ్బు సోకుతుంది, కాళ్ల మీద పుండ్లు, పగుళ్లు ఉంటే వాననీటిలో చెప్పులు లేకుండా తిరగకండి. తరువాతి వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ల ఎర్రదనం వస్తే వైద్యుడి దగ్గర ఎలుకల సంగతి తప్పక ప్రస్తావించండి. తొలి రోజుల్లోనే గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్‌తోనే ఆ జబ్బు నయమవుతుంది.