డిసెలరేటర్ కట్టబోతున్న నా విద్యార్థినికి

తల్లీ,

నీ ఉత్తరం అందింది. విద్యుత్ క్షేత్రాలతో అణువుల వేగం తగ్గించే స్టార్క్ డిసెలరేటర్ కట్టి, ఆరు నెలల్లో అమోనియా అణువుల్ని ఆపి బంధించాలని రాశావు. చాలా సంతోషం. అయితే పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి గట్టిగా గుర్తుపెట్టుకో. ఈ యంత్రం అణువుల్ని చల్లబరచదు. దూసుకొచ్చే అణువుల ధారలోంచి, అంటే బీమ్‌లోంచి, ఒక చిన్న గుంపును పట్టుకుని దాని వేగం తగ్గిస్తుంది, అంతే. ఆ గుంపు సాంద్రతను పిసరంత కూడా పెంచలేదు. మొదట్లో చేజారిన అణువు చివర్లో ఎలాగూ దొరకదు. అందుకే నీ శ్రమలో సగం బీమ్ పుట్టే వాల్వ్ దగ్గరే పెట్టమంటాను.

అమోనియాను తనతో మోసుకొచ్చే క్యారియర్ గ్యాస్‌గా జెనాన్ తీసుకో. గది ఉష్ణోగ్రతలో హీలియంతో వచ్చే బీమ్ సెకనుకు సుమారు 1,800 మీటర్ల వేగంతో దూసుకొస్తుంది, జెనాన్‌తో అయితే 300 మీటర్లే. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క ఎంపికతోనే సగం కష్టం తీరుతుంది. వాల్వ్‌ను చల్లబరిస్తే వేగం ఇంకా తగ్గుతుంది కానీ, మరీ చల్లబరిస్తే గ్యాస్ ముద్దలు కడుతుంది. బీమ్ నడిమి భాగాన్ని మాత్రమే లోపలికి వదిలే గరాటులాంటి స్కిమ్మర్ మొన అంచును బిగించే ముందు మైక్రోస్కోప్ కింద పెట్టి చూడు. అక్కడ చిన్న నొక్కు ఉన్నా బీమ్ చెదిరిపోతుంది, కారణం తెలియక నువ్వు వారాల తరబడి ఎలక్ట్రానిక్స్‌ను అనుమానిస్తూ కూర్చుంటావు.

ఇక లెక్క కాగితం మీద నువ్వే ఒకసారి వేసుకో. 300 మీటర్ల వేగంతో వచ్చే భారీ అమోనియా (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉండే ఎన్‌డి3) అణువు గతిశక్తిని ఉష్ణోగ్రతలో చెబితే దాదాపు 108 కెల్విన్. సెంటీమీటరుకు 100 కిలోవోల్ట్‌ల విద్యుత్ క్షేత్రంలో ఒక్కో మెట్టు, అంటే ఒక్కో ఎలక్ట్రోడ్ల జత, దగ్గర తీయగలిగేది మహా అయితే 1.8 కెల్విన్. అంటే ప్రతి మెట్టులోనూ పూర్తిగా పిండినా 60 మెట్లు కావాలి. 1999లో గెరార్డ్ మైయర్ బృందం కార్బన్ మోనాక్సైడ్‌ను 63 మెట్లతో 225 మీటర్ల వేగం నుంచి 98కి తెచ్చింది. ఎన్‌డి3ని బంధించడం ఆ మరుసటి ఏడాది సాధ్యమైంది.

బలహీన క్షేత్రం వైపు వెళ్లాలనుకునే స్థితిలోని అణువుకు ఎలక్ట్రోడ్ల మధ్య క్షేత్రం ఒక గట్టులాంటిది. అది ఎక్కుతూ వేగం పోగొట్టుకుంటుంది. అటు దిగి ఆ వేగాన్ని తిరిగి తెచ్చుకునేలోపు మనం ఆ గట్టునే తీసేస్తాం. ఎంత పైకి ఎక్కాక తీస్తామో చెప్పేదే ఫేజ్ కోణం. ఇక్కడ చాలామంది ఆశపడతారు. కోణం పెంచితే ఒక్కో మెట్టుకు ఎక్కువ శక్తి పోతుంది, నిజమే. కానీ గుంపులో నిలిచేవి తగ్గిపోతాయి, 90 డిగ్రీల దగ్గర ఏదీ మిగలదు. నువ్వు సున్నా డిగ్రీలతో మొదలుపెట్టు. వేగం తగ్గించకుండా గుంపును చివరిదాకా నడిపించి తీసుకురా.

హై వోల్టేజ్ విషయంలో మాత్రం ఓపిక కావాలి. 2 మిల్లీమీటర్ల ఎడంలో ప్లస్ 10, మైనస్ 10 కిలోవోల్ట్‌లు నిలబడాలి. నేను ఒకసారి తొందరపడ్డాను. రాత్రి పొద్దుపోయాక, లీకేజ్ కరెంట్ ఇంకా ఊగుతుండగానే వోల్టేజ్ పెంచేశాను. టప్‌మని ఒక్క నీలి మెరుపు! ఛాంబర్ తెరిస్తే ఒక ఎలక్ట్రోడ్ కడ్డీ మీద గుండుసూది మొనంత గుంట కనిపించింది. ఆ తర్వాత 7 కిలోవోల్ట్‌ల దగ్గరే స్పార్క్ వచ్చేది. కడ్డీలన్నీ విప్పి, అద్దంలా పాలిష్ చేసి, మళ్లీ వరుసలో పెట్టి వాక్యూమ్ తెచ్చేసరికి మూడు వారాలు పోయాయి. కాబట్టి కొద్దికొద్దిగా పెంచు. కరెంట్ సద్దుమణిగేదాకా ఆగు, అప్పుడే మళ్లీ పెంచు. ఇంకొక మాట, నీ మీద ఒట్టేసి చెబుతున్నా. సప్లై ఆపినా కెపాసిటర్లలో చార్జ్ మిగిలే ఉంటుంది. గ్రౌండింగ్ కడ్డీ తాకించకుండా చెయ్యి పెట్టకు, ఒంటరిగా ఉన్నప్పుడు అసలు పెట్టకు.

సున్నా డిగ్రీల దగ్గర అణువులు చివరికి ఎంతసేపట్లో చేరాయో చూపే టైమ్ ఆఫ్ ఫ్లైట్ గ్రాఫ్ తీసినప్పుడు, వెడల్పాటి గుట్ట మీద సన్నని మొన ఒకటి లేస్తుంది. అది కనిపించిన రోజే ఆ గ్రాఫ్ నాకు పంపు. కోణం ఎంతకు పెంచాలో ఇద్దరం కలిసి చూద్దాం.