మైకు ఎవరి చేతిలో ఉందో చూడు

చిరంజీవి పాపకు పెదనాన్న ఆశీస్సులు.

గ్రామసభలను ఆన్‌లైన్‌లో జరిపించే పని మీ సంస్థ చేపట్టిందని, జగిత్యాల వైపు పంచాయతీలకు నిన్నే పంపుతున్నారని మీ నాన్న చెప్పాడు. గర్వంగా అనిపించింది. నిద్ర మాత్రం పట్టలేదు. పంచాయతీ కార్యదర్శిగా చేసినవాడికి సభ అనగానే ముందు గొడవే గుర్తొస్తుంది.

కరెంటు పోతే ఇన్వర్టర్, నెట్ పోతే రెండో సిమ్ము, ఇవన్నీ నీకు తెలిసినవే. చాటింపు మాత్రం మానొద్దు. వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే ఊరికి చెప్పినట్టు కాదు. ఆ గ్రూపులో లేనివాళ్లకే సభతో ఎక్కువ అవసరం.

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ జరపమంది. ఆ గడువు చూసి, సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, అదే కోరం విషయంలో తొందరపడతావేమో! తెరమీద అరవై పేర్లు కనబడితే అరవైమంది వచ్చినట్టు రాసేయకు. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం గ్రామసభ అంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో ఉన్నవాళ్లు. ఒక ఫోను ముందు ఇంటిల్లిపాదీ కూర్చోవచ్చు, పొరుగూరివాడూ చేరొచ్చు. జిల్లా పంచాయతీ అధికారి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఎదురుగా కూర్చున్నవాళ్లనే లెక్కపెట్టు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పక్క మండలంలో ఒక సభ జరిగింది. వాన ముంచుకొస్తోందని తీర్మానాలు చదవకుండానే సంతకాలు, వేలిముద్రలు పెట్టించారు. ఆఖరి తీర్మానానికీ సంతకాలకూ మధ్య అరపేజీ ఖాళీగా ఉండిపోయింది. కొన్నాళ్లకు ఆ అరపేజీలోకి చెరువు శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, తవ్వుకోవడానికి ఊరు ఒప్పుకున్నట్టు తీర్మానం వచ్చి చేరింది. తవ్వకం మొదలయ్యాక గానీ ఊరికి తెలియలేదు. అక్కడ బర్రెలు మేపుకునే ఒకామె ఆఫీసుకు వచ్చి నేనెప్పుడు ఒప్పుకున్నానని అడిగితే, ఆమె వేలిముద్రే ఆమెకు చూపించారు. ఆ కార్యదర్శి చెడ్డవాడు కాడు. వానకు భయపడ్డాడు, అంతే. విచారణల చుట్టూ తిరగడంతోనే సర్వీసంతా గడిచిపోయింది పాపం.

నీ పనిలో ఆ అరపేజీ ఎక్కడుందో వెతుకు. రికార్డింగు ఆగిన చోట ఉంటుంది. ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో అక్కడికక్కడే చెప్పి పుస్తకంలో రాయించు. కేంద్రం 2025లో తెచ్చిన సభాసార్ అనే ఏఐ సాధనం, సభ రికార్డింగు విని మినిట్స్ ముసాయిదా తయారుచేస్తుంది. మంచిదే. కానీ మన సభల్లో నలుగురు ఒకేసారి అరుస్తారు, యంత్రం ఎవరి మాట పట్టుకుంటుందో! అది రాసింది అందరికీ చదివి వినిపించాకే సంతకాలు.

అన్నిటికన్నా నాకు భయం మ్యూట్ మీట. దాన్ని సర్పంచ్ మనుషులకు అప్పగించావో, నీతో మాట్లాడను. పింఛను ఎందుకు ఆగిందని అడిగే గొంతు కాస్త గట్టిగానే ఉంటుంది. అల్లరి అని నొక్కేస్తారు. మండపంలో మైకు లాక్కుంటే పదిమంది చూస్తారు, ఇక్కడ ఎవరికీ కనబడదు.

గల్ఫ్‌లో పనిచేసే మన ఓటర్లు కూడా వినాలంటే పొద్దుపోయాకే పెట్టించాలి. అలాంటి రోజున ఆఖరి బస్సు కోసం పరుగెత్తకు. మా ఇంట్లోనే పడుకో, పెద్దమ్మ నీకిష్టమైన పచ్చిపులుసు చేస్తానంటోంది. వచ్చేటప్పుడు ఓటర్ల జాబితా తీసుకురా. అందులో కాలం చేసినవాళ్లెవరో నేను చెబుతాను.